చనిపోయిన పేషెంట్ నర్సెస్ నోట్స్ మళ్లీ రాయమంటున్నారు, రాయాలా?

చెల్లీ, నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున మళ్లీ చదివాను. స్టాఫ్ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. నైట్ డ్యూటీలో నువ్వు చూస్తున్న పేషెంట్ చనిపోయారు. మూడు గంటలకు చూడాల్సిన బీపీ, పల్స్ షీట్‌లో ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు ఇన్‌చార్జ్ సిస్టర్ కొత్త షీట్ చేతికిచ్చి మొత్తం నీట్‌గా రాసివ్వమంటున్నారు. రాయకపోతే ఉద్యోగం పోతుందా, రాస్తే కేసు నా మీదకు వస్తుందా అని అడిగావు.

రాయకు. ఒకవేళ భయపడి ఇప్పటికే రాసేసి ఉంటే, పాత షీట్‌ను మాత్రం చించనివ్వకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు నేను రాశాను.

2013లో సంగతి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక రెండో ఏడు, కోస్తాలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పదహారు బెడ్లకు రాత్రిపూట నేనూ, ఒక ఆయా. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకు రెండు గంటలకు వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) చూడాలి. సరిగ్గా అప్పుడే చివరి బెడ్‌లో ఒక అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి. డ్యూటీ డాక్టర్‌ను పిలవడం, ఇంజెక్షన్ లోడ్ చేయడం, వాళ్లమ్మను పట్టుకోవడం, ఇదంతా అయ్యేసరికి ముప్పావు గంట పైనే పట్టింది. వచ్చి చూస్తే పెద్దావిడ నిద్రపోతున్నారు. లేపడం ఎందుకులే అనుకున్నాను. నాలుగున్నరకు బాత్రూమ్‌కి అని లేచి కూర్చున్నారు, ఆయాసపడుతూ నా భుజం మీదే వాలిపోయారు. సీపీఆర్ చేశాం, దక్కలేదు. కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటుందన్నారు డాక్టర్‌గారు.

ఎనిమిదింటికి ఇన్‌చార్జ్ గదిలోకి పిలిచి, ఆ రెండు గంటల గడి మీద వేలు పెట్టి, "ఇది నింపేయ్ అమ్మా, ఏం కాదు" అన్నారు. బీపీ 120/80, పల్స్ 78 అని రాశాను. రాత్రంతా నీలం పెన్నుతో రాశాను, అప్పుడు మాత్రం ఆ టేబుల్ మీదున్న నల్ల పెన్ను చేతికొచ్చింది.

ఆవిడ కూతురు పొద్దున ఆరింటికే మంచానికి తగిలించి ఉన్న షీట్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుందని నాకు తెలియదు. కేసు కన్జ్యూమర్ ఫోరంకి వెళ్లింది. ఫొటోలో గడి ఖాళీ. ఆసుపత్రి ఇచ్చిన జిరాక్సులో 120/80. ఒరిజినల్ తెప్పిస్తే నల్ల ఇంకు. అవతలి లాయర్ నన్ను కష్టపెట్టే ప్రశ్నలేమీ వేయలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇది ఎప్పుడు రాశారు?" అని మాత్రం అడిగారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన ఇంజెక్షన్లు, సర్జన్ రోజూ వచ్చి రాసిన నోట్స్, నేను పరుగెత్తి డాక్టర్‌ను పిలిచిన టైమ్, అన్నీ నిజాలే. ఆ ఒక్క గడి వల్ల అందులో ఏదీ ఎవరూ నమ్మలేదు. చివరికి ఆసుపత్రి డబ్బు కట్టి రాజీ చేసుకుంది.

బయట వరండాలో ఆ కూతురు నా దగ్గరికొచ్చి, "ఆ రెండింటికి అమ్మ ఎలా ఉందో మీకు నిజంగా తెలుసా సిస్టర్?" అని అడిగింది. తెలియదన్నాను. "ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే మేం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు" అంది. పన్నెండేళ్లు దాటినా ఆ గొంతు నాకు గుర్తుంది.

తర్వాత వార్డు వదిలేసి మెడికల్ రికార్డ్స్ కోర్సు చేశాను. ఇప్పుడు ఇంకో ఆసుపత్రిలో ఎమ్మార్డీ, అంటే రికార్డుల విభాగం చూస్తున్నాను. రోజూ డిశ్చార్జ్ ఫైళ్లు నా టేబుల్ మీదకు వస్తాయి. తర్వాత కూర్చుని రాసిన షీట్ చూడగానే తెలిసిపోతుంది. చేతిరాత పైనుంచి కింద దాకా ఒకేలా ఉంటుంది, మడతలుండవు, సెలైన్ మరకుండదు, టైములన్నీ సరిగ్గా గంట గంటకీ ఉంటాయి. నిజం షీట్‌లో 2.10 ఉంటుంది, 4.35 ఉంటుంది. కంప్యూటర్‌లో రాసే చోటైతే ఏ లాగిన్‌తో, ఏ తేదీన, ఎన్నింటికి మార్చారో సాధారణంగా సిస్టమ్‌లో ఉండిపోతుంది. కాబట్టి నీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, "ఒక్క నిమిషం సిస్టర్" అన్నా సరే.

ఇక చట్టం సంగతి. గడి ఖాళీగా ఉండటం లోపం. దానికి సంజాయిషీ అడగొచ్చు, మెమో ఇవ్వొచ్చు. దాన్ని అబద్ధంతో నింపితే అది ఫోర్జరీ దాకా పోతుంది. భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. కోర్టుకు చూపాల్సిన కాగితాన్ని మాయం చేయడం వేరే నేరం. సంతకం నీది కాబట్టి ముందు అడిగేది నిన్నే. రాయమని నోటితో చెప్పినవాళ్ల పేరు ఆ షీట్‌లో ఎక్కడా ఉండదు కదా.

పైగా ఆ కాగితం ఇంకా చాలామంది చేతుల్లోకి వెళ్తుంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టర్లు మూడేళ్లు దాచాలి, పేషెంట్ గానీ వాళ్ల తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కన్జ్యూమర్ కేసు వేయడానికి మామూలుగా రెండేళ్ల గడువుంటుంది. ఆ రోజు కాగితం మీద ఏముందన్నది కోర్టులు ఎంత నిశితంగా చూస్తాయో మన హైదరాబాద్ నిమ్స్ కేసులోనే తెలిసింది. 1990లో జరిగిన ఆపరేషన్ అది. పేషెంట్ ఒప్పుకున్నది బయాప్సీకే తప్ప గడ్డ తీసేయడానికి కాదని కూడా చెబుతూ 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇవ్వమంది.

మరి ఏం చేయాలంటావా? ఫైల్ ఇంకా వార్డులోనే ఉంటే, ఖాళీని ఖాళీగానే వదిలేసి, ఆఖరి ఎంట్రీ కింద "లేట్ ఎంట్రీ" అని రాసి, రాస్తున్న రోజు తేదీ, టైమ్ వెయ్యి. మూడింటికి వైటల్స్ తీసుకోలేదు, ఆ టైమ్‌లో ఫలానా పనిలో ఉన్నాను (ఇంకో పేషెంట్ ఎమర్జెన్సీలో ఉంటే అదే), మళ్లీ ఎన్నింటికి చూశాను, అప్పుడు ఎలా ఉన్నారు, డాక్టర్‌కు ఎన్నింటికి ఫోన్ చేశాను. నీకు గుర్తున్నంత వరకే. ఆ ఇంకో పేషెంట్ పేరు ఇందులో రాయకు, ఎవరినీ నిందించకు. ఎక్కడైనా తప్పు రాస్తే ఒకే ఒక గీత, కింద అక్షరాలు కనబడాలి, పక్కన పొట్టి సంతకం, టైమ్. వైట్‌నర్ జోలికి పోవద్దు. ఫైల్ ఎమ్మార్డీకో పోలీసులకో వెళ్లిపోయి ఉంటే దాన్ని అసలు ముట్టుకోకు. ఇవే విషయాలు ఇన్సిడెంట్ రిపోర్ట్‌గా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇచ్చి, నీ కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకో.

ఇంకోటి, కేస్ షీట్‌ను ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుందామని నీకు అనిపించవచ్చు. ఆ కాగితం పేషెంట్ సొంత విషయం, నీ ఫోన్‌లో ఉంటే ఇంకో గొడవవుతుంది. బదులుగా ఇంటికెళ్లి నీ డైరీలో ఆ రాత్రి జరిగింది గంటలతో సహా రాసుకో, ఇవాళే. వారం పోతే నీకే అనుమానాలొస్తాయి.

ఉద్యోగం విషయం దాచకుండా చెబుతాను. నిన్ను వేధించే అవకాశం ఉంది, తీసేయొచ్చు కూడా. ఈ జీతాల్లో ఒక నెల ఆగిపోతే ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఉద్యోగం ఇంకోచోట దొరుకుతుంది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మీద మచ్చ పడితే అది ఎక్కడికెళ్లినా వెంట వస్తుంది.

రేపు మళ్లీ అడిగితే ఎదురు వాదించకు. "సరే మేడమ్, షీట్ మళ్లీ రాయమని నాకొక చిన్న కాగితం మీద రాసివ్వండి" అని అడుగు. నాకు తెలిసి ఇప్పటిదాకా ఎవరూ అలా రాసివ్వలేదు. ఏం జరిగిందో ఇక్కడే రాయి, రాత్రి పదింటి తర్వాత చూస్తాను.