కొండెక్కే ముందు ఇల్లు వెతకమను

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

కార్తీకం వెళ్ళగానే మీ స్కూలు పిల్లల్ని మారేడుమిల్లి కొండలకు తీసుకెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటిసారి నేను పిల్లల్ని కొండకు తీసుకెళ్ళినప్పుడు బస్సు దిగగానే చెట్ల పేర్లు అప్పజెప్పాను. తిరిగొచ్చాక రాయమంటే ఒక్కరికీ గుర్తు లేవు. కొండతో మన కోనసీమ వాళ్ళకేం పనో ముందు చెప్పలేదు, అదీ నా పొరపాటు. అందుకే నువ్వు వారం ముందే వాళ్ళ చేత ఇల్లు వెతికించు. కొండచీపురు, కుంకుడుకాయలు, అడ్డాకు విస్తరి, కొండతేనె... ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో అమ్మమ్మల్ని అడిగి రాసుకు రమ్మను. అక్కడ అడ్డతీగ కనబడగానే వాళ్ళే గుర్తుపడతారు.

చూపించడానికి అక్కడి గిరిజనుల్లో, కొండరెడ్ల పెద్దాయన్ని ఎవరినైనా మాట్లాడుకో. ఊరికే కాదు, రోజు కూలి ఇచ్చి. ఇప్పచెట్టు దగ్గర కాసేపు ఆగండి. పూత మార్చి, ఏప్రిల్‌లో గానీ రాదు. రాలిన పూలు తెల్లవారుజామునే ఏరుకోవడం, గింజల్లోంచి నూనె తీయడం ఆయనే చెబుతాడు. ఆ పూలకీ పళ్ళకీ రాత్రిళ్ళు గబ్బిలాలు వస్తాయి. పుప్పొడి మోసేదీ, గింజల్ని దూరంగా పడేసేదీ అవే. గబ్బిలమంటే మన పిల్లలకు ఉన్న భయం అక్కడైనా పోవాలి.

అసలు పని వాలు మీద ఉంది. రెండు లీటరు బాటిళ్ళు పట్టుకెళ్ళు. ఒకటి ఆకులు పరుచుకున్న నేల మీద, ఇంకోటి కాలిబాట మీద మెల్లగా పోయించు. బాట మీద పోసిన నీళ్ళు ఎర్రగా, మట్టితో సహా కిందికి జారిపోతాయి. ఆకుల మీద పోసినవి ఇంకిపోతాయి. అప్పుడు ఆకులు పైకెత్తి వేళ్ళు పెట్టి చూడమను. నల్లటి తడిమట్టి, తెల్లటి బూజు దారాలు, రోకలిబండ పురుగులు, చెదలు. ఆ నేలను అలా గుల్లగా ఉంచేది అవే, వేళ్ళతో పట్టి నిలిపేది చెట్లు. మన దాళ్వాకి, అదే రెండో పంటకి, వచ్చే సీలేరు నది నీళ్ళూ ఇలాంటి కొండల్లోంచి దిగినవే. మన చేలల్లో ఒండ్రు కూడా ఒకప్పుడు ఏదో ఒక కొండ మీది మట్టే.

అడవి ఉంటే వరద రాదని మాత్రం చెప్పకు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు లేచింది. అంత వానను ఏ అడవీ ఆపలేదు. అడవి వల్ల మామూలు వాననీటి వేగం తగ్గుతుంది, మట్టి కొట్టుకుపోవడం తగ్గుతుంది. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెబితేనే నిలుస్తుంది.

వచ్చేటప్పుడు వాగు నీళ్ళు ఒక సీసాలో పట్టించి క్లాసు కిటికీలో పెట్టు. జూలైలో గోదారికి ఎర్రనీరు రాగానే పక్కన ఇంకో సీసా పెట్టించి, అడుక్కి ఎంత మట్టి దిగిందో స్కేలు పెట్టి కొలిపించు. ఆ రోజు కబురు చెయ్యి, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న