ఎఫ్‌డీ తీసి జీపు కొనకండి: రాయగడ పాఠకుడికి జవాబు

రాయగడ నుంచి ఒకాయన రాశారు. వయసు 34, ప్రైవేటు మిల్లులో ఉద్యోగం, చేతికి నెలకు 46,000 వస్తుంది. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప, షుగర్ ఉన్న నాన్నగారు. విజయనగరంలో ఒక సెకండ్‌హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు 6.1 లక్షలకు వస్తోందట. దానికి రూఫ్ టెంట్, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే యంత్రం), రెండో బ్యాటరీ, చిన్న ఫ్రిజ్, ముందు ఇనుప గార్డు పెట్టించడానికి ఇంకో 2.2 లక్షలు. దక్షిణ ఒడిశా కొండల్లోని దేవమాలి, గుప్తేశ్వరం, దుడుమ, చిత్రకొండ అవతలి ఊళ్లు, ఇలా తారు లేని దారులన్నీ కుటుంబంతో తిరుగుతూ బండి మీదే పడుకోవాలని ఆశ. డబ్బు కోసం 1.8 లక్షల ఎఫ్‌డీ తీసేస్తారట, భార్య నగల మీద 2.5 లక్షలు, పర్సనల్ లోన్ 4 లక్షలు తెస్తారట. ఆయన అడిగింది ఒక్కటే: బంగారం మీద ఎక్కువ తీసుకోవాలా, పర్సనల్ లోన్ ఎక్కువ తీసుకోవాలా, ఏది లాభం?

రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య చాలా వస్తున్నాయి, బండి మారుతుంది గానీ తప్పు మాత్రం అదే, అందుకే దీనికి వివరంగా జవాబు రాస్తున్నాను.

మీరు ఎఫ్‌డీని మిగులు డబ్బు అనుకుంటున్నారు. అది మిగులు కాదు. మీ ఇంటి ఖర్చు నెలకు 28,000 అని మీరే రాశారు, ఆరు నెలలకు 1,68,000 అవుతుంది. అంటే మీ 1.8 లక్షలు ఉద్యోగం పోతేనో, నాన్నగారు ఆసుపత్రిలో చేరితేనో ఇల్లు గడవడానికి దాదాపు సరిగ్గా సరిపోయే డబ్బు, అటూ ఇటూ కదపడానికి లేదు. మీరు పంపిన కాగితంలో విన్చ్ తాడుకి ఒక వరుస ఉంది, కాఫీ పొడి డబ్బాకి ఒక వరుస ఉంది, కానీ ఆసుపత్రి అనే వరుస లేదు. అది చూసి నిజంగా భయం వేసింది.

ఇక నెల లెక్క. 46,000లో 28,000 ఇంటికి, 5,000 చీటీకి పోతే చేతిలో మిగిలేది 13,000. పర్సనల్ లోన్ 4 లక్షలు, 15 శాతం వడ్డీ, నాలుగేళ్లు అంటే ఈఎంఐ సుమారు 11,130. నగల మీద 2.5 లక్షలకు 10 శాతం వేసుకున్నా నెలకు వడ్డీయే 2,080 దాటుతుంది, అసలు అలాగే ఉంటుంది. రెండూ కలిపితే 13,200 పైనే. అంటే డీజిల్ పోయకముందే, ఇన్సూరెన్స్ కట్టకముందే, ఒక్క ట్రిప్పు కూడా వెళ్లకముందే మీరు ప్రతి నెలా లోటులో ఉంటారు. ఏడాది తర్వాత బంగారం లోన్ గడువు వస్తే దేంతో విడిపిస్తారు? ఇంకో లోన్‌తో. ఈ దారి ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు, దయచేసి వద్దు.

వారాంతాల్లో విశాఖ నుంచి వచ్చేవాళ్లకు జీపు అద్దెకిస్తే ఈఎంఐ వచ్చేస్తుందని రాశారు చూడండి, అది అసలు మొదలుపెట్టకండి. తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకు తిప్పడానికి పర్మిట్ ఉండదు, సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అద్దె ప్రయాణానికి వర్తించదు. ఘాట్ రోడ్డులో ఏదైనా జరిగితే బండి నష్టంతో పాటు అవతలివాళ్ల పరిహారం కూడా మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఊళ్లో తిరిగే బండికి అత్యవసర నిధి ఎంత అవసరమో, అడవి దారుల్లో తిరిగే బండికి అంతకంటే ఎక్కువ అవసరం. నా దగ్గరికి సలహాకు వచ్చే జయపురం ఆయన ఒకరు కుటుంబంతో చిత్రకొండ వైపు వెళ్లారు. అక్కడి గురుప్రియ వంతెన 2018లో తెరిచాక అటు వెళ్లేవాళ్లు పెరిగారు. వంతెన దాటాక ఒక గెడ్డలో (వాగులో) రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. ఆయిల్ లైటు వెలిగినా, చీకటి పడుతోందని, పక్క ఊరి దాకా వెళ్లిపోదామని నడిపారు. ఇంజన్ బిగుసుకుపోయింది (సీజ్ అయింది). ఫోన్‌కి సిగ్నల్ లేదు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు ఉన్నా ఫోన్ కలవాలి కదా. ఊరివాళ్లు ట్రాక్టరు కట్టి పెద్ద రోడ్డు దాకా లాగారు, వాళ్లకు నోట్లే ఇవ్వాలి, ఫోన్‌పే అంటే కుదరదు. అక్కడి నుంచి జయపురానికి లారీ మీద, ఆ తర్వాత మెకానిక్. రాయి తగిలిన నష్టానికి ఇన్సూరెన్స్ ఇచ్చింది. ఆయిల్ లేకుండా నడిపినందుకు పాడైన ఇంజన్‌కి ఇవ్వలేదు, మామూలు పాలసీల్లో అది సాధారణంగా రాదు. చేతిలో నిధి లేక ఆయన ఫోన్ యాప్‌లో అప్పు తీసుకున్నారు, దాన్ని తీర్చడానికి ఇంకో యాప్. నా దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ బాగైంది గానీ అప్పు మాత్రం అలాగే ఉంది.

అందుకే ఆరు నెలల ఖర్చు కాకుండా, కేవలం ఈ ప్రయాణాల కోసం ఇంకో 50,000 విడిగా ఉండాలి, అందులో కనీసం పది వేలు ప్రతిసారీ నోట్ల రూపంలో బండిలో ఉండాలి. ఇది లేకుండా రాయగడ దాటకండి.

ఆరోగ్యం సంగతి. మీకున్నది మిల్లు ఇచ్చిన 3 లక్షల గ్రూపు పాలసీ ఒక్కటే, అందులో నాన్నగారు లేరు, ఉద్యోగం మారితే అదీ ఉండదు. మీరు వెళ్లాలనుకునే కోరాపుట్, మల్కన్‌గిరి అడవులు మలేరియా ఎక్కువగా ఉండే చోట్లు, పాపను తీసుకుని రాత్రిళ్లు బయట పడుకుంటారు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజులు 1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స పథకం 2025లో వచ్చింది, కానీ అది జ్వరానికీ పాముకాటుకీ వర్తించదు. కనీసం 10 లక్షల ఫ్యామిలీ పాలసీ సొంతంగా తీసుకోండి, నాన్నగారికి విడిగా తీసుకోండి, షుగర్ ఉందని దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే వెయిటింగ్ (అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు), ఆలస్యం చేసేకొద్దీ ఆ మూడేళ్లు అంత ఆలస్యంగా మొదలవుతాయి. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు కాబట్టి ప్రీమియం భారమనే సాకు కూడా కొంత తగ్గింది. మీ పేరు మీద 75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) కూడా ఈ నెలలోనే.

బండి గురించి రెండు ముక్కలు. ఆంధ్రా నంబరు బండి మీ పేరుకు మారాలంటే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఒడిశాలో రోడ్డు టాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ ఉంటాయి, మీ కాగితంలో వీటికి రూపాయి కూడా రాయలేదు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. టెంట్, విన్చ్ పెట్టిస్తే కంపెనీకి చెప్పి పాలసీలో రాయించాలి, లేకపోతే వాటికి పైసా రాదు. ముందు ఇనుప గార్డు వద్దే వద్దు, అది చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. నీళ్లలో ఇంజన్ దెబ్బతింటే వర్తించే ఇంజన్ కవర్ పాత బండికి చాలా కంపెనీలు ఇవ్వవు, కొనేముందే అడగండి.

మీ ఆశ తప్పని నేను అనను. పాపకు ఆ కొండలు చూపించాలన్న కోరిక నాకూ నచ్చింది. ఎఫ్‌డీ కదపకండి. మిగిలే 13,000లో మూడు వేలు ప్రీమియంలకు పక్కన పెట్టండి, పది వేలతో ఐదు నెలల్లో ఆ 50,000 పూర్తవుతుంది. ఆ తర్వాత ఇరవై నెలల్లో 2 లక్షలు, ఈలోగా మీ 2 లక్షల చీటీ కూడా చేతికి వస్తుందని రాశారు. అప్పుడు 4 లక్షలు సొంత డబ్బుతో బండి చూడండి, కాస్త డబ్బు తక్కువైతే చిన్న వెహికల్ లోన్ తీసుకోండి, నగలు మాత్రం ముట్టుకోకండి. ఈలోగా తిరగాలనిపిస్తే జీపు డ్రైవర్‌తో సహా అద్దెకు దొరుకుతుంది, నేల మీద వేసే టెంటు కొన్ని వేలకు వస్తుంది, వానలు వెనక్కి తగ్గాక దేవమాలి వెళ్లి రండి.

విజయనగరం ఆయనకు 20,000 అడ్వాన్సు ఈ ఆదివారం ఇస్తానన్నారు కదా, ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, తిరిగి ఇస్తానని ఆయన ఫోన్‌లో అన్నది వాట్సాప్‌లో కూడా రాయించుకుని, వెంటనే అడగండి.