సముద్ర ఆర్థికంపై పరిశోధన ప్రారంభిస్తున్న మేనకోడలికి

చిరంజీవి మాధవికి మామయ్య ఆశీస్సులు.

సముద్ర ఆర్థిక వ్యవస్థ సుస్థిరాభివృద్ధిపై సాగుతున్న పరిశోధనల ధోరణులను పిహెచ్‌డి అంశంగా ఎంచుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. మత్స్య ఆర్థిక రంగంలో చాలాకాలం పనిచేసినవాడిగా కొన్ని సంగతులు ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పరిశోధన వ్యాసాల సూచికైన స్కోపస్‌లో ‘బ్లూ ఎకానమీ’ (సముద్ర ఆర్థికం) అని మాత్రమే వెతికి, వచ్చిన వ్యాసాలతోనే సమీక్ష మొదలుపెట్టవద్దు. 2012లో సుస్థిరాభివృద్ధిపై ఐక్యరాజ్యసమితి జరిపిన రియో+20 సదస్సులో ఆ మాటను చిన్న ద్వీప దేశాలు ముందుకు తెచ్చాయి. అదే ఏడాది యూరోపియన్ కమిషన్ తన వ్యూహానికి ‘బ్లూ గ్రోత్’ అని పేరు పెట్టుకుంది. చైనా పరిశోధకులేమో ‘మెరైన్ ఎకానమీ’ పేరుతో తీరప్రాంత ప్రావిన్సుల ఉత్పాదక సామర్థ్యాన్ని లెక్కగట్టే వ్యాసాలు పెద్దసంఖ్యలో రాశారు. ఈ మూడింటిలో దేన్ని వదిలేసినా ఒక ఆలోచనా సంప్రదాయమే నీ సమీక్షకు అందకుండా పోతుంది. వ్యాసాల్లోని మాటల మధ్య సంబంధాలను చూపే వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ గీసే పటంలో పెద్దగా కనిపించే వృత్తాలను చూసి తొందరపడకు. ఆ మాట ఎక్కువ వ్యాసాల్లో వచ్చిందన్నదే దాని అర్థం తప్ప, ఆ ప్రశ్న తేలిపోయిందని కాదు.

2015లో ఐక్యరాజ్యసమితి సముద్రాల సంరక్షణకు సంబంధించిన 14వ సుస్థిరాభివృద్ధి లక్ష్యాన్ని ప్రకటించిన తరువాత పరిశోధన అనేక దారులు పట్టింది. 2018లో సీషెల్స్ కోటిన్నర డాలర్ల బ్లూ బాండ్ (సముద్ర సంబంధిత పనులకు నిధులు సేకరించే రుణపత్రం) జారీ చేశాక పెట్టుబడుల చర్చ ఊపందుకుంది. మడ అడవుల్లో నిల్వ ఉండే కర్బనం, లోతు సముద్రపు గనులు, సముద్ర ప్రాంతాల వినియోగ ప్రణాళిక కూడా ముఖ్యమైనవే. అయితే ఈ అభివృద్ధి ఫలితం ఎవరికి చేరుతోంది, తీరాన్ని కోల్పోతున్నది ఎవరు అన్న ప్రశ్నే వీటన్నింటికంటే విలువైనదని నా దృఢమైన అభిప్రాయం. నీ పరిశోధనకు అదే వెన్నెముక కావాలని కోరుకుంటున్నాను.

సముద్ర ఆర్థికంలోకి ఏవేవి వస్తాయో ముందుగా హద్దు నిర్ణయించుకో. మన రాష్ట్రంలో ఈ పని తేలిక కాదు. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చెరువుల సాగు విపరీతంగా పెరిగింది, దేశపు సముద్రోత్పత్తుల ఎగుమతుల్లో రొయ్యదే పెద్దపీట. ఆ చెరువులను సముద్ర ఆర్థికంలో కలిపితే వృద్ధి ఘనంగా కనిపిస్తుంది, విడదీస్తే వేటమీద బతికే కుటుంబాల పరిస్థితి వేరుగా తేలుతుంది. ఏది కలిపావో, ఎందుకు కలిపావో మొదటి అధ్యాయంలోనే రాయి.

పుస్తకాల పని ఎంత ఉన్నా ఒక అధ్యాయం విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి రావాలి. తెల్లవారుజామున వేలం జరిగేటప్పుడు అక్కడ ఉండి, ఒక్కొక్క మరబోటు ఎన్ని రోజులు వేటలో ఉంది, ఎంత డీజిలు, ఎంత ఐసు వాడింది, ఏ వల వేసింది, పట్టిన చేపల్లో వంజరం ఎంత, కానాగంతలు ఎంత, వేలంలో ధర ఎంత పలికింది అన్నవన్నీ నమోదు చేయి. మొత్తం చేప పెరిగినా, దాన్ని పట్టడానికి పట్టిన రోజులు అంతకంటే ఎక్కువ పెరిగితే అది వృద్ధి కాదు. కాబట్టి ఒక వేట రోజుకు ఎన్ని కిలోలు దక్కాయన్న లెక్కే నీకు ముఖ్యం. వేలంలో చేపలు కొని బుట్టల్లో అమ్ముకొనే స్త్రీలతోనూ మాట్లాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో వాళ్ల సంపాదన ఏమవుతుందన్నది విడిగా అడిగి రాసుకో.

నిషేధానికి ముందు ఒక వారం, తరువాత ఒక వారం ఈ వివరాలన్నీ ఒక పట్టికలో నింపి నాకు పంపు. అయితే జూన్ మధ్యలో పడవలు దిగిన తొలి రోజుల్లో వలలు నిండుగా వస్తే, చేపల సంతతి కోలుకుందని వెంటనే తీర్మానించకు. రెండు నెలలు ఎవరూ కదిలించని చేప ఒక్కసారిగా దొరకడం వల్ల కూడా అలా కనిపిస్తుంది. కనుక ఆగస్టులోనూ మరొక వారం లెక్క తీసుకో.

ఇట్లు,
మీ మామయ్య