తొమ్మిదో తరగతి మార్కులు దాచారా?

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, 400 మీటర్లు బాగా పరిగెడతాడు, ఇంటర్ అయ్యాక అమెరికాలో కాలేజీ టీమ్‌లో చేరాలంటే ఇప్పట్నించి ఏం చూసుకోవాలి అని అడిగారు కదండీ. మాది అమలాపురం దగ్గర లంక ఊరు. మా అమ్మాయి ట్రిపుల్ జంప్‌తో అలాగే వెళ్లింది. మేం పడ్డ తిప్పలే చెబుతాను.

ముందు ఆట సంగతి. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్‌ది అమలాపురమే కాబట్టి మా కోనసీమలో పిల్లలందరికీ షటిల్ పిచ్చి. కానీ అక్కడ కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏలో బ్యాడ్మింటనే లేదు. క్రికెట్, కబడ్డీ కూడా లేవు. పరుగు ఉంది, మీకా బెంగ అక్కర్లేదు.

చిక్కంతా చదువుతోనే. లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. ఎన్‌సీఏఏ కాలేజీల్ని మూడు డివిజన్లుగా, అంటే అంచెలుగా, విడదీస్తుంది. పై అంచె డివిజన్ 1కి ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటివి కలిపి 16 కోర్ (ముఖ్యమైన) కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు) కావాలి. డివిజన్ 2కి 2.2 చాలు. డ్రిల్లు పీరియడ్ మార్కులు పనికిరావు. శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) స్కోరు నిబంధన 2023లో ఎత్తేశారు గానీ, సీటు ఇచ్చే కాలేజీ విడిగా అడగొచ్చు. డివిజన్ 3లో ఆట మీద స్కాలర్‌షిప్ ఇవ్వరు, కోచ్ ఎంత తియ్యగా మాట్లాడినా సరే.

మేం ఒక కోచ్‌కి మెడల్స్ ఫోటోలు, గోదావరి ఇసుక పోసిన పిట్‌లో అమ్మాయి దూకే వీడియో పంపాం. జవాబు ఒక్క ముక్క: మార్కులు పంపండి. టెన్త్, ఇంటర్ మెమోలు ఇంట్లోనే ఉన్నాయి. తొమ్మిదోది? స్కూలుకి వెళ్తే బీరువా అడుగు అరలోంచి రిజిస్టర్ తీశారు. వరదకి తడిసి ఆరిన పేజీలు పూతరేకుల్లా అంటుకుపోయి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. గుమస్తా గారు బ్లేడుతో ఒక్కోటీ విడదీసి, మార్కులు ఎత్తి రాసిచ్చేసరికి పదిహేను రోజులు పట్టింది. నాకైతే నిద్ర లేదు.

ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్ అని ఆపకండి. మేం వెళ్లినప్పటి రూల్ ప్రకారం, ఏడాది దాటాక కూడా పోటీల్లో దిగుతూ ఉంటే కాలేజీలో ఆడే సీజన్లలో కోత పడేది. అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాడు) అవునా కాదా అని కూడా చూస్తారు, కాబట్టి సంక్రాంతి పందేల్లో డబ్బు గెలిస్తే ఎంతో, ఎక్కడో రాసి పెట్టుకోండి.

తొమ్మిదో తరగతి మార్కుల జాబితా మాత్రం ఈ వేసవి సెలవులకి ముందే సంతకం, సీలుతో తెచ్చుకోండి. రెండేళ్లు పోతే ఆ హెడ్మాస్టరు గారు ఏ ఊళ్లో ఉంటారో!