స్కాన్‌లో బొక్కలు గట్టివేనట.. మరి చెయ్యి ఎట్లా విరిగింది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. మా అమ్మకు 63 ఏళ్లు. పోయిన నెల బాత్రూమ్ గడప దగ్గర కాలు జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు దగ్గర విరిగింది. కట్టు వేశారు. తర్వాత డెక్సా స్కాన్ తీయిస్తే వెన్నెముక దగ్గర టీ-స్కోర్ ప్లస్ 1.9 వచ్చింది. ‘మీ అమ్మ బొక్కలు వయసు పిల్లల కన్నా గట్టిగున్నయి’ అన్నారు. గట్టిగా ఉంటే ఇంత చిన్న దెబ్బకు ఎట్లా విరిగింది? కాల్షియం గోలీలు వేసుకుంటే కిడ్నీలో రాళ్లొస్తాయని పక్కింటివాళ్లు అంటే అమ్మ మానేసింది. ఇప్పుడేం చేయాలి? నాకు 38. నేనూ మా ఊరి నీళ్లే తాగి పెరిగాను.

జవాబు: మీరు ఊరి పేరు రాయడం మంచిదైంది. మర్రిగూడ అంటే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతం. ఆ పేరు లేకపోతే ఆ ప్లస్ 1.9 చూసి నేనూ సంతోషపడేవాణ్ని.

డెక్సా యంత్రం ఎముకలో ఖనిజం ఎంత ఉందో కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల ఎముకతో పోల్చి అంకె వేస్తుంది, అదే టీ-స్కోర్. మైనస్ 2.5, అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. కానీ ఆ ఖనిజం ఎంత నాణ్యంగా ఉందో యంత్రానికి తెలియదు. స్లాబులో సిమెంటు ఎంత పోశారో చెబుతుంది, లోపల సలాక సరిగ్గా కట్టారా లేదా అన్నది చెప్పదు. దానికి తోడు, ఆ వయసులో వెన్నుపూసల చుట్టూ పెరిగే ముళ్లు, గట్టిపడ్డ నరాల్లాంటి పట్టీలు కూడా అదే లెక్కలో కలిసిపోతాయి. అంకె పైకి పోతుంది.

ఇక్కడ ఒక శాస్త్రవేత్త గురించి చెప్పాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో లారెన్స్ రిగ్స్ అనే పరిశోధకుడు వయసుతో పాటు ఎముక ఎట్లా అరుగుతుందన్నదే జీవితమంతా చూశాడు. ఆడవాళ్లలో నెలసరి ఆగాక వేగంగా జరిగే అరుగుదల ఒకటి, ఆడా మగా ఇద్దరికీ ముసలితనంలో నెమ్మదిగా వచ్చేది ఇంకొకటి అని 1983లో విడదీసి చెప్పింది ఆయన, ఆయన సహచరుడు మెల్టన్. మణికట్టు, వెన్నుపూస విరగడం ఎక్కువగా మొదటి రకంలో, తుంటి విరగడం రెండో రకంలో చూస్తాం.

ఆ రోజుల్లో ఫ్లోరైడ్‌ను ఎముకల మందుగా ఇచ్చేవారు. అవును, మన మునుగోడు, మర్రిగూడ జనాన్ని వంచేసిన ఫ్లోరైడే. అది ఎముకను కట్టే కణాలను రెచ్చగొడుతుంది, సాంద్రత పెరుగుతుంది. 1982లో రిగ్స్ బృందం కూడా దీని మీద ఆశ పెట్టుకునేలా ఫలితాలు ప్రచురించింది. తర్వాత ఆయనే గట్టి పరీక్ష పెట్టాడు. ఆస్టియోపోరోసిస్ ఉన్న 202 మంది ఆడవాళ్లు, నాలుగేళ్లు. సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, సగం మందికి ఉత్తి గోలీ. కాల్షియం అందరికీ. 1990లో ఫలితం వచ్చింది. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చేతులు, కాళ్లు, తుంటి లాంటి చోట్ల విరగడం మాత్రం దాదాపు మూడు రెట్లయింది. ముంజేతి ఎముకలోనైతే సాంద్రత కూడా 4 శాతం తగ్గింది. తన ఆశ తప్పని తానే తేల్చుకున్న మనిషి. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు మన లెక్క చూడండి. 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌లో ఫ్లోరైడ్ 34 మిల్లీగ్రాములు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లీటరుకు 5 ఉన్న బోరు నీళ్లు, ఎండలో నాట్లేసే మనిషి రోజుకు 4 లీటర్లు తాగితే 20 మిల్లీగ్రాములు. రిగ్స్ ఇచ్చింది నాలుగేళ్లు. మీ అమ్మగారు తాగింది ఎన్నేళ్లు?

ఆమెకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఒంట్లో చేరి వచ్చే ఎముకల జబ్బు) ఉందని చూడకుండా తేల్చి చెప్పను. కానీ రుజువు బహుశా మీ ఇంట్లోనే ఉంది. చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే. మోచేతి వరకు తీసి ఉంటే దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఖాళీ చూడండి. అక్కడ అంచులు నున్నగా ఉండాలి. గులాబీ ముల్లులాగా ఎముక ఖాళీలోకి పొడుచుకొచ్చి కనిపిస్తే, మధ్యనున్న పొర గట్టిపడుతోందని అర్థం. ఫ్లోరోసిస్‌కు అది మంచి గుర్తు. ఇంకో మూడు పనులు చేయించండి. గదమ ఛాతీకి ఆనుతుందా? చేతులు ఎత్తి తల వెనక్కి పెట్టగలరా? మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా? మీ ప్రాంతం వాళ్లు ఓపీకి వస్తే నేను జేబులోంచి బిళ్ల తీసి కింద వేస్తాను. ‘సారు పైసలు పారేసుకున్నడు’ అని నవ్వుతారు గానీ చాలామంది తీయలేరు. ఆమె కింద పడే ప్రమాదం ఉంది, ఇవి చేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి.

నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, స్కోర్ ఎంతైనా ఆ ఎముక బలహీనమనే మేం లెక్కేస్తాం. అట్లాగని వెంటనే ఎముక అరుగుదల ఆపే ఇంజెక్షన్ వేయించకండి. ముందు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్ చూడాలి. వీలైతే మూత్రంలో ఫ్లోరైడ్ కూడా. విటమిన్ డి అడుగంటి ఎముక మెత్తబడి ఉంటే, ఆ ఇంజెక్షన్ వల్ల కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీలు సరిగ్గా లేకపోతే మందే మారుతుంది. డెక్సా మళ్లీ తీయిస్తే తుంటి, విరగని చేతి ముంజేయి కూడా చూడమని అడగండి.

కాల్షియం మానేయడం పొరపాటు. కడుపులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దానికి అంటుకుని, ఒంటికి పట్టేది తగ్గుతుంది. నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360, గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. రాగి జావ, పెరుగు, తోటకూర, నువ్వులు తింటూ మిగిలింది గోలీతో పూరించండి. గోలీ అన్నంతో పాటు వేసుకోవాలి. తిండిలోని కాల్షియంతో రాళ్లు రావు. ఇంతకుముందు రాయి వచ్చి ఉంటే మాత్రం గోలీ మోతాదు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. మెడికల్ షాపులో 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి కొని వారం వారం ఏళ్ల తరబడి తాగించేవాళ్లనూ చూశాను, అదీ వద్దు.

నీళ్ల సంగతి. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా ఉన్నా చెల్క దగ్గర మోటరు నీళ్లే తాగుతారు, ‘కృష్ణ నీళ్లు చప్పగుంటయి’ అని. సీసా వెంట తీసుకుపొమ్మనండి. వంటకూ నల్లా నీళ్లే వాడండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. పాలు లేని డికాక్షన్ టీ తగ్గించాలి. నీళ్లు మారాక ఎముకలోని ఫ్లోరైడ్ బయటికి వస్తుంది, కాకపోతే ఏళ్లు పడుతుంది.

మీ విషయం: 38కి డెక్సా అక్కర్లేదు. పొద్దున లేవగానే నడుము, మెడ పట్టేస్తుంటే ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి, చాలు.

అమ్మకు కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే నెలాఖరు దాకా ఆగకండి. వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తులవి. అదే రోజు న్యూరాలజీ డాక్టర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ మణికట్టు ఎక్స్‌రే మడత పెట్టకుండా వెంట తీసుకెళ్లండి.