రెండు యుద్ధాల మధ్య ప్రజాస్వామ్యాలు కొరుకుడు పడటం లేదు, ఆప్షనల్‌ మార్చుకోవాలా?

ప్రశ్న: హిస్టరీ, ఎకనామిక్స్‌, పాలిటిక్స్‌తో బీఏ పూర్తిచేశాను. సివిల్స్‌ మెయిన్స్‌కు హిస్టరీని ఆప్షనల్‌గా ఎంచుకున్నాను. ఇటలీ, జర్మనీల్లో ఫాసిజం బాగానే అర్థమవుతోంది గానీ, అదే కాలంలో బ్రిటన్‌, ఫ్రాన్స్‌, అమెరికాల్లో జరిగినవి ఎంత చదివినా తేదీల పట్టికగానే మిగిలిపోతున్నాయి. ఆప్షనల్‌ మార్చుకోమంటారా?
- ఒక అభ్యర్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్క అధ్యాయం కొరుకుడు పడలేదని 500 మార్కుల సబ్జెక్టును వదులుకోవలసిన పని లేదు. మీ ఇబ్బందికి కారణం కూడా ఊహించదగినదే. సిలబస్‌లో ఫాసిజానికి ప్రత్యేకంగా చోటు ఉంది. ప్రజాస్వామ్య దేశాల అవస్థలను మాత్రం మొదటి ప్రపంచ యుద్ధ పరిణామాల్లో భాగంగా మనమే వెతుక్కుని చదువుకోవాలి. పైగా ముస్సోలినీ, హిట్లర్‌ల కథ ఒక వ్యక్తి చుట్టూ తిరుగుతుంది కాబట్టి సులువుగా గుర్తుంటుంది. ఇక్కడి కథ మాత్రం బ్యాంకు వడ్డీ రేట్ల మధ్య, మంత్రివర్గ సమావేశాల మధ్య నడుస్తుంది. మీరు డిగ్రీలో ఎకనామిక్స్‌ చదివారు కనుక దాన్నే ఆసరాగా తీసుకోండి. స్వర్ణ ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను నిర్ణీత బంగారానికి కట్టి ఉంచే పద్ధతిని, నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చును ఎవరు మోయాలన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని మూడు దేశాలనూ చదివితే, తేదీలు వాటంతట అవే వరుసలోకి వస్తాయి.

బ్రిటన్‌తో మొదలుపెట్టండి. 1925 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి చర్చిల్‌ పౌండును యుద్ధానికి ముందున్న 4.86 డాలర్ల విలువకే మళ్లీ బంగారంతో ముడిపెట్టారు. ఆ విలువ వాస్తవానికి ఎక్కువ కావడంతో బ్రిటిష్‌ బొగ్గు విదేశీ విపణిలో ప్రియమైపోయింది, గనుల యజమానులు కూలి తగ్గించి పని గంటలు పెంచాలన్నారు, కూలిలో ఒక్క పెన్నీ తగ్గడానికీ పనిలో ఒక్క నిమిషం పెరగడానికీ ఒప్పుకోబోమని కార్మికులు తేల్చిచెప్పారు. 1926 మే నెలలో తొమ్మిది రోజుల సార్వత్రిక సమ్మె జరిగింది అందువల్లనే. చాలామంది అభ్యర్థులు 1925ను ఒక పేరాలోనూ 1926ను మరో పేరాలోనూ రాసి, రెంటినీ కలిపే వాక్యాన్ని మాత్రం వదిలేస్తారు. మార్కులు ఉండేది ఆ వాక్యంలోనే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం 1931 ఆగస్టుకు కేటాయించండి. మాంద్యం వల్ల ఖజానా ఖాళీ అవుతోంది, బంగారం తరలిపోతోంది, అప్పు పుట్టాలంటే బడ్జెట్‌లో కోతలు చూపించాలి. నిరుద్యోగ భృతిలో 10 శాతం కోత విధించాలన్న ప్రతిపాదనపై ప్రధాని మెక్‌డొనాల్డ్‌ లేబర్‌ మంత్రివర్గం 11-9గా చీలిపోయింది. మంత్రివర్గంలో కోత వైపే మెజారిటీ ఉన్నా, అంతమంది మంత్రులు ఎదురుతిరిగాక ఆ ప్రభుత్వం నిలవలేదు. మెక్‌డొనాల్డ్‌ మాత్రం కన్సర్వేటివ్‌లు, లిబరల్‌లతో కలిసి జాతీయ ప్రభుత్వం ఏర్పాటుచేసి ప్రధానిగానే కొనసాగారు, సొంత పార్టీ ఆయన్ను బహిష్కరించింది. విచిత్రమేమిటంటే, ఏ స్వర్ణ ప్రమాణం కోసమైతే ఇంత జరిగిందో దాన్ని ఆ కొత్త ప్రభుత్వమే సెప్టెంబరు 21న వదిలేసింది. అక్టోబరు ఎన్నికల్లో లేబర్‌ పార్టీకి మిగిలినవి 52 స్థానాలు. ఈ రెండు నెలల ఘట్టం చేతిలో ఉంటే, ఆర్థిక సంక్షోభం పార్టీలను ఎలా చీలుస్తుందన్న ఏ ప్రశ్నకైనా ఉదాహరణ సిద్ధంగా ఉన్నట్లే.

ఇదే సెప్టెంబరుకు మన దేశంతోనూ సంబంధం ఉంది, దాన్ని జవాబులో వాడుకోండి. పౌండు బంగారాన్ని వదిలినా రూపాయిని 1 షిల్లింగు 6 పెన్నీల రేటుకే పౌండుకు కట్టిపడేశారు. పంటల ధరలు పడిపోయి, శిస్తులూ అప్పులూ తీర్చలేని రైతు కుటుంబాలు నగలు అమ్ముకోగా, భారతదేశం నుంచి బంగారం పెద్ద ఎత్తున ఎగుమతి అయింది.

ఫ్రాన్స్‌ను పోలిక కోసం చదవండి. అక్కడ ఫ్రాంక్‌ను 1936 సెప్టెంబరు దాకా బంగారానికే కట్టి ఉంచారు. ఆ పట్టుదల వల్ల మాంద్యం ఆలస్యంగా వచ్చినా ఎక్కువ కాలం తిష్ఠవేసింది. 1934 ఫిబ్రవరి 6న పారిస్‌ వీధుల్లో తీవ్ర మితవాదుల వల్ల చెలరేగిన హింసతో దలాదియే ప్రభుత్వం రాజీనామా చేయడం, ఆ భయంతో వామపక్షాలు ఏకమై 1936లో లియోన్‌ బ్లూమ్‌ నాయకత్వాన పాపులర్‌ ఫ్రంట్‌గా గెలవడం, 40 గంటల పనివారం, రెండు వారాల వేతన సెలవు సాధించడం ఒకే గొలుసులోని కొక్కేలు. అమెరికాలో రూజ్వెల్ట్‌ కొత్త ఒప్పందం (న్యూ డీల్‌) గురించి మీరు ఎటూ చదివే ఉంటారు. 1933లో ఆయన కూడా డాలరును బంగారం నుంచి విడదీశారన్న ఒక్క విషయాన్ని దానికి జోడిస్తే చాలు.

ఈ వారంలో ఒక పని చేయండి. 1931లో బ్రిటన్‌, 1936లో ఫ్రాన్స్‌ బంగారాన్ని వదిలిన తీరును పోల్చుతూ 250 పదాల్లో జవాబు రాసి, ప్రతి తేదీ పక్కన దాని వల్ల ఎవరికి నష్టం కలిగిందో మార్జిన్‌లో పెన్సిల్‌తో గుర్తించండి. ఎవరి పేరూ రాయలేకపోయిన తేదీ ఏదైనా ఉంటే, దాన్ని జవాబులోంచి తీసేయవచ్చు.