మూడు రకాల బీపీ మాత్రలు వాడినా తగ్గట్లేదు, గురకకీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉంటుందండి, చాలా ఉంటుంది. మీ నాన్నగారికి మూడు మాత్రలు వేసుకుంటున్నా పై బీపీ 160 దగ్గరే ఉంటోంది, రాత్రంతా గురక అన్నారు కదా, మా ఆయనదీ అచ్చం ఇదే పరిస్థితి. డాక్టర్ గారు స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉంటున్నాయో చూసే పరీక్ష) రాశారంటే అనవసరపు ఖర్చు అనుకోకండి, ముందు అది చేయించేయండి.

మా ఆయన గురక పక్క గదిలోకి వినపడేది, ఉన్నట్టుండి ఆగిపోయేది, హమ్మయ్య అనుకుంటాం కానీ అసలు ప్రమాదం అక్కడే. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉండేవి, గాలి మాత్రం ఆడేది కాదు, కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లాక్కుని మళ్ళీ గురక మొదలు. పొద్దున అడిగితే బాగానే పడుకున్నా అనేవారు, చూస్తే తలనొప్పి, నోరంతా ఎండిపోయి ఉండటం, కుర్చీలో కూర్చుంటే చాలు కునుకు.

డాక్టర్ చెప్పింది ఏంటంటే నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది, దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు, ఆక్సిజన్ పడిపోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం రెండూ కలిపి గంటకి 30 సార్లు దాటితే తీవ్రం కింద లెక్క, మా ఆయనది దాటింది. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలి, ఈ సమస్య ఉన్నవాళ్ళలో చాలామందికి తగ్గదు, పైగా ఆ ప్రభావం పగలు కూడా పోదు. క్లినిక్‌లో చూసే రీడింగ్‌లో రాత్రి సంగతి తెలీదు కాబట్టి వీలైతే 24 గంటల బీపీ మిషన్ కూడా పెట్టించమని అడగండి.

సీప్యాప్ మిషన్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకోకుండా ఉంచేది) రాస్తే దాంతోనే బీపీ మొత్తం దిగిపోతుందని మాత్రం ఆశపడొద్దు. సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే, మీ నాన్నగారిలా మందులకి లొంగని బీపీ ఉన్నవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ తగ్గొచ్చు, అదీ రోజూ రాత్రి కనీసం నాలుగు గంటలు పైనే పెట్టుకుంటేనే. మా ఆయన మొదట్లో ముక్కు దగ్గర గాలి లీకై కళ్ళలోకి కొడుతోందని తీసి పక్కన పడేసేవారు, మాస్క్ సైజు మార్చాక అలవాటైంది. మాత్రలు ఆపడం, తగ్గించడం డాక్టర్ చెప్తేనే, మీ అంతట మీరు అస్సలు చేయకండి.

వెళ్ళేముందు ఆయన పడుకున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్ళండి. మందు తాగే అలవాటున్నా, నిద్రమాత్రలు వేసుకుంటున్నా దాచకుండా చెప్పండి, మద్యం, కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి.